సేద్యగాని యింటి పనిముట్లు: ఎన్నుకొనుట, కాపాడుకొనుట

"ఆడలేనమ్మ మద్దెల ఓడన్నది" అను సామెత మనలో నెఱుగనివారు లేరు. పని చేతగానివాడు పనిముట్టును నిందించునని దాని భావము. ఈ మాట పెక్కుపట్ల నిజమే. కాని మద్దెల నిజముగా ఓటిదే యైనప్పుడు ఎంతటి నేర్పరి యేమి చేయగలడు? మొక్కవోయిన కొడవలితో వరి కోయువాని చెమటయు, కామ వదులైన గొడ్డలితో కట్టె కొట్టువాని చెమటయు, నోరు తెఱచుకొన్న పానాతో నట్టు విప్పువాని చెమటయు సగము నేలపాలగుచున్నది. ఈ నష్టమును మనము దినదినము కంటితో చూచుచునే యున్నాము. కాని లెక్కలోనికి తెచ్చుట లేదు.

విత్తనమును గూర్చియు, ఎరువును గూర్చియు, ఋణమును గూర్చియు రైతు లెక్క చూచుకొనును. చేతిలోని పనిముట్టు మాత్రము చిన్న వస్తువని తోచి విచారణకు రాదు. ఈ నెల పాఠమును దానికే కేటాయించితిమి.

మా యింట జరిగిన సంగతి యొకటి ముందుగా చెప్పి పాఠమునకు వత్తుము. ఒక వేసవిలో మేము పెరటిలో తుమ్మమొద్దు చీల్చుచుంటిమి. గొడ్డలి కామ వదులుగా నున్నదని ఉదయముననే తెలిసెను. అందఱు చేయునట్లే దానిని నీళ్లతొట్టిలో కొంతసేపు నానవేసి, బిగిసినదని తలచి పనికి దిగితిమి. మధ్యాహ్నపు టెండకు కామ యెండెను. ఎత్తిన చేతిలో కామ మాత్రమే నిలిచెను. గొడ్డలి తల యెగిరిపోయి, గుమ్మమునొద్ద కూర్చుండి ఆడుకొనుచున్న మా మనుమరాలికి జానెడు దూరమున గోడలో నాటుకొనెను. బిడ్డకు గాయము కాలేదు. కాని ఆ రాత్రి మాకు నిద్రపట్టలేదు. ఒక చీల కొట్టి బిగించుటకు పట్టు కాలము ఐదు నిమిషములు. ఆ ఐదు నిమిషములకు వెనుదీసి యెంత మూల్యము చెల్లింప నుంటిమో తలచుకొన్నప్పుడెల్ల ఒడలు జలదరించును. గోడమీది ఆ గంటును మేము పూడ్పలేదు. ఈ వ్యాసమునకు మూలము ఆ గంటే.

1. ఇనుమునకును ఉక్కునకును గల భేదము

పనిముట్టు కొనువాడు మొదట తెలిసికొనవలసినది ఇనుమునకును ఉక్కునకును గల భేదము. రెండును చూపున కొకటే. భేదమంతయు వానిలో కలిసియున్న కర్బనములో, అనగా బొగ్గుసారములో, కలదు. నూటికి పావువంతుకు లోబడి కర్బనమున్నచో అది మెత్తని యినుము. అది వంగును, సాగును, అతుకుటకు అనుకూలమగును. కాని పదును నిలుపదు. నూటికి అరవంతు మొదలు ఒకవంతు వఱకు కర్బనమున్నచో అది పదును పట్టు ఉక్కు. రెండువంతులు మించినచో అది పోతయినుము. గట్టిదే గాని దెబ్బకు పగులును.

ఈ విద్య మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. ఇప్పటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమున కమ్మరులు మూసలలో కరగించి తీసిన ఉక్కు దేశాంతరములకు ఎగుమతి యగుచుండెడిది. పారసీక వర్తకులు దానికొఱకు అంతదూరము వచ్చుచుండిరి. ఆ పనితీరును హెన్రీ వాయిసీ యను భూగర్భశాస్త్రజ్ఞుడు కన్నులార చూచి వ్రాసిన వర్ణనము ఆయన మరణానంతరము 1832లో అచ్చుపడినది. అట్టి ఉక్కును చేసిన నేలమీది రైతులము నేడు సంతలో నిగనిగలాడు రేకును చూచి మోసపోవుట తగునా?

ఉక్కును గుర్తించుటకు మూడు సులభ పరీక్షలు కలవు.

మొదటిది ఆకురాయి పరీక్ష. వాదర యంచున ఆకురాయిని మెల్లగా త్రోసి చూడవలెను. ఆకురాయి వెంటనే కొఱికి పొడి రాల్చినచో ఆ వాదర మెత్తనిది. అద్దముపై జారినట్లు జారినచో అది మిక్కిలి గట్టిది. ఱాయి తగిలినచో పెళుసుగా విఱుగవచ్చును. కొంచెము జారుచు కొంచెము కొఱుకుచు నున్నదే కొడవలికిని గొడ్డలికిని తగినది.

రెండవది నాదపరీక్ష. పనిముట్టును దారముతో వ్రేలాడదీసి చిన్న సుత్తితో తట్టవలెను. గణగణమని సాగు ధ్వని వచ్చినచో మంచిది. బోలుగా, తెగినట్లు పలికినచో లోపల పగులుండవచ్చును.

మూడవది నిప్పురవ్వల పరీక్ష. సానచక్రమున కానించినప్పుడు మెత్తని యినుము పొడవైన గీతలవంటి రవ్వలను విడుచును. ఉక్కు విడుచు రవ్వలు చివర పలుకొమ్మలుగా చీలి పూవులవలె విచ్చుకొనును. కర్బన మెంత హెచ్చైన పూవు లంత దట్టముగా నుండును.

2. కమ్మరి పనిని కనిపెట్టుట

నేటికిని మన పల్లెలలో పెక్కు కొడవళ్లు, కత్తులు పాత లారీల కమానుపట్టీలనుండియే తయారగుచున్నవి. ఇది మంచి సరకే. అందు కర్బనము నూటికి అరవంతు పైచిల్లర యుండును. కాని ఆ సరకును నూనెలో చల్లార్చుట మేలు. ఎఱ్ఱగా కాలినదానిని చన్నీట ముంచినచో కంటికి కనబడని పగుళ్లు పుట్టవచ్చును. కమ్మరి నీటితొట్టిని మాత్రమే యుంచుకొన్నచో, పక్కన ఒక నూనెడబ్బా యుంచుమని మనమే కోరవలెను.

ఉక్కును గట్టిపఱచుట రెండు మెట్ల పని. మొదటి మెట్టు ఎఱ్ఱగా కాల్చి చల్లార్చుట. కాక చాలినదో లేదో తెలిసికొనుటకు అయస్కాంతము మంచి సాధనము. సుమారు 770 డిగ్రీల సెంటీగ్రేడు దాటగానే ఉక్కు అయస్కాంతమునకు అంటుకొనదు. అది దాటిన పిమ్మట మఱి కొంచెము కాక పెట్టి చల్లార్చవలెను. తెల్లగా మండునంత కాల్చినచో ఉక్కు చెడును.

రెండవ మెట్టు పెళుసుదనమును తగ్గించుట. చల్లార్చిన వాదరను సానపై రుద్ది మెఱయజేసి, మరల మెల్లగా కాచినచో దానిపై రంగులు పరువెత్తును. సుమారు 230 డిగ్రీలకు ఎండుగడ్డి పసుపు, 255 డిగ్రీలకు గోధుమవన్నె, 280 డిగ్రీలకు ఊదా, 300 డిగ్రీలకు నీలము కనబడును. కత్తికి గడ్డిపసుపు మొదలు గోధుమవన్నె వఱకు, గొడ్డలికిని దెబ్బ తిను ఉలికిని ఊదారంగు వచ్చువఱకు కాచుట వాడుక. ఈ రెండవ మెట్టును తొందరలో విడిచిన పనిముట్టే తొలిదినమున పెచ్చులూడును. "రంగు చూచి దింపితివా?" అని యడిగిన చాలును, కొన్నవాడు తెలిసినవాడని కమ్మరి గ్రహించి జాగ్రత్త పడును. మంచి పని చేసిన కమ్మరికి నాలుగు రూపాయలు హెచ్చిచ్చుట నష్టము కాదు. ఊరి కొలిమి ఆరిపోయినచో, సాగగొట్టించుకొనుటకు మనము పొరుగూరు పోవలసివచ్చును.

3. కొనునప్పుడు చూడవలసినవి

పార: దీనికి రేకు సమముగా మందముండి, అంచునకు పోనుపోను పలుచబడవలెను. కామ దూరు బెజ్జమును రేకునకు అతికినచోట పూర్తిగా చూడవలెను. చుక్కలుగా మాత్రమే అతికినది గట్టినేలలో ఊడును. అతుకు చుట్టును ఎడతెగక యుండవలెను. ఒకే దిమ్మెనుండి కొట్టి తీసినది అన్నిటికంటె మేలు.

గునపము: దీనిని బరువుచే పరీక్షింపవచ్చును. గుండ్రని ఉక్కుకడ్డీ మందమును మిల్లీమీటర్లలో కొలిచి, ఆ అంకెను దానిచేతనే గుణించి, 162 చే భాగించినచో మీటరునకు ఎన్ని కిలోలో తేలును. 25 మిల్లీమీటర్ల కడ్డీకి 25ను 25చే గుణింపగా 625. దానిని 162చే భాగింపగా మీటరునకు సుమారు 3.86 కిలోలు. మీటరున్నర గునపము 5.8 కిలోలు తూగవలెను. అంగడివాడు 25 మిల్లీమీటర్లదని చెప్పినది ఐదు కిలోలకు లోబడినచో మందము తక్కువయైనను, పొడవు తక్కువయైనను కావలెను. మొన పదును పట్టిన ఉక్కై యుండవలెను. నడిమి భాగము వంపు లేక యుండవలెను.

కొడవలి: ఇందు రెండు జాతులు. నున్నని వాదర గలది గడ్డికిని, కొమ్మలకును పనికివచ్చును. దానిని ఎప్పటికప్పుడు సానపట్టవలెను. కక్కు కొడవలి వరి, గోధుమలవంటి సన్నని కాడలను పట్టి కోయును. దాని పదును ఎక్కువకాలము నిలుచును. కక్కులు సమముగాను, ఒకే వాలుగాను ఉన్నవా యని చూడవలెను. కొడవలిని చేతబట్టి మణికట్టును త్రిప్పి చూచినప్పుడు మొన క్రిందికి లాగుచున్నచో ఆ కొడవలి దినాంతమునకు చేతిని నొప్పించును. కోతకూలీలలో పెక్కురు స్త్రీలు. వారి చేతికి చాలునట్టి సన్నని పిడిని ఎన్నుకొనుట యజమాని ధర్మము. కొనునప్పుడు వారినే వెంటబెట్టుకొని పోయి పట్టి చూపించుట మఱియు మంచిది.

గొడ్డలి: వాదరకు ఎదుటినుండి చూచినప్పుడు బెజ్జము నట్టనడుమ నుండవలెను. ఒక ప్రక్కకు ఒరిగినచో ప్రతి దెబ్బయు జారును. వాదరయు కామయు ఒకే గీతలో నున్నవా యని కంటికి ఎదురుగా నెత్తి చూడవలెను.

కంపెనీ పనిముట్లను కొనునప్పుడు ఐ.ఎస్.ఐ. ముద్రను చూడవలెను. భారతీయ ప్రమాణముల సంస్థ 1947లో ఆ పేరున నేర్పడి, 1987లో భారతీయ ప్రమాణముల బ్యూరోగా మాఱినను, ముద్ర పాతపేరుననే నిలిచినది. ముద్ర మాత్రమే యుండిన చాలదు; దానితో లైసెన్సు సంఖ్యయు నుండవలెను. ఆ సంఖ్య నిజమగునో కాదో బ్యూరోవారి 'బి.ఐ.ఎస్. కేర్' అను సెల్‌ఫోను యాప్‌లో చూచుకొనవచ్చును. ఐనను అన్ని పనిముట్లకును ఈ ముద్ర యుండదు; ఊరి కమ్మరి చేసినదానికి అసలే యుండదు. అందుకే పై పరీక్షలను నేర్చుకొనుట అవసరము.

ఇక వెలను గూర్చి ఒక్కమాట. చవకది కొనుట పొదుపని పలువురి నమ్మకము. ఒక కొడవలి 100 రూపాయలకు వచ్చి ఒక కోతకాలమునకే అఱిగిపోయినదనుకొందము. మఱియొకటి 250 రూపాయలై నాలుగు కోతకాలములు వచ్చినదనుకొందము. మొదటిదానికి నాలుగేండ్లలో 400 రూపాయలు, రెండవదానికి 250 రూపాయలు వ్యయమగును. మొద్దు కొడవలివలన దినమునకు అరగంట చొప్పున పోయిన కూలిని ఈ లెక్కలో చేర్చనే లేదు. ఎవరి ధరలను వారు వేసికొని ఈ లెక్క చేసి చూతురు గాక.

4. కామ

పనిముట్టునకు ప్రాణము వాదరలో నున్నను, పనివాని ప్రాణము కామలో నున్నది. కామకు తుమ్మ మంచిది. బరువును, జిగియు కలది. అడవి ప్రాంతములవారికి చిరుమాను దొరకును. దెబ్బను ఓర్చుటలో అది పేరుపొందినది. పార, పంగలకఱ్ఱవంటి తేలికపనికి గట్టివెదురు చాలును.

కఱ్ఱ నెన్నుకొనునప్పుడు ఈనెలు కామ పొడవునా ఎడతెగక సాగుచున్నవా యని చూడవలెను. ఈనెలు వాలుగా పోయి ప్రక్కకు తేలిపోయినచో కామ అచ్చటనే విఱుగును. ముడులున్న కఱ్ఱ గొడ్డలికి పనికిరాదు. పచ్చికఱ్ఱను ఎన్నడును దూర్పరాదు. నీడను, గాలి తగులుచోట కొన్ని నెలలు ఎండబెట్టిన పిమ్మటనే చెక్కవలెను.

దూర్చిన తల చివర చీలిక గోసి, గట్టికఱ్ఱ చీలను కొట్టవలెను. ఆపైన అడ్డముగా నొక యినుపచీలను కొట్టినచో మఱింత భద్రము. వదులైన కామను నీట నానవేయుట పరిష్కారము కాదు. నానిన కఱ్ఱ ఉబ్బి, చుట్టునున్న యినుముచే నలిగిపోవును. ఎండిన పిమ్మట మునుపటికంటె మఱింత సన్నగిలును. మా పెరటిలో జరిగినది సరిగా ఇదియే. నీరు బిగించినట్లు చూపి మోసము చేసినది.

కామకు ఏటికి రెండుమారులు అవిసెనూనె రాచినచో పగుళ్లు పట్టదు. అవిసెనూనె గాలికి గట్టిపడి పొరగా నిలుచును. ఇచట నొక హెచ్చరిక: ఆ నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడవేయరాదు. అవి గాలి సోకి తమంతట తామే వేడెక్కి నిప్పంటుకొనగలవు. వానిని విప్పి ఆరుబయట ఆరవేయవలెను, లేదా నీట తడిపి పాఱవేయవలెను. కొట్టములో గడ్డివామి యున్నవారు ఈ మాటను మఱువరాదు. కామకు రంగు పూయుట మంచిది కాదు. రంగుక్రింద పగులు దాగును.

5. సానపట్టుట

మొద్దుబారిన వాదర పదునైన వాదరకంటె ఎక్కువ అపాయకరము. ఏలయన, మొద్దుదానిపై బలము హెచ్చుగా పెట్టుదుము. అది జారినప్పుడు ఆ బలమంతయు చేతిపైనను కాలిపైనను పడును.

సానపట్టుటలో ముఖ్యము వాలు. వడ్రంగి ఉలికి 25 మొదలు 30 డిగ్రీల వాలు. ఇనుమును కోయు ఉలికి 60 డిగ్రీలు. కోణమాని లేనివారు కాగితపు మూలను మూడు సమభాగములుగా మడచినచో ఒక్కొక్క మడత 30 డిగ్రీలగును. రెండు మడతలు 60 డిగ్రీలగును. గొడ్డలికి రెండు వైపులు కలిసి సుమారు 30 డిగ్రీలు చాలును. గట్టి మొద్దులు చీల్చుదానికి కొంచెము హెచ్చుగా నుంచవచ్చును.

ఆకురాయి ముందునకు త్రోయునప్పుడు మాత్రమే కోయును. వెనుకకు లాగునప్పుడు ఎత్తి తేవలెను. అదిమి లాగినచో దాని పండ్లు అఱిగిపోవును. సానరాయికి నీరు గాని నూనె గాని ఏదేని ఒకటే వాడవలెను. ఒకవైపు రుద్దగా రుద్దగా రెండవవైపు అంచున వ్రేలికి తగులునట్లు సన్నని పొర లేచును. ఆ పొర లేచినదన్న ఆ వైపు పని ముగిసినదని గుర్తు. అప్పుడు త్రిప్పి రెండవవైపు రుద్ది, తుదకు మెత్తని రాతిపై నాలుగుమారులు లాగి పొరను తీసివేయవలెను. కక్కు కొడవలిని ఇట్లు రుద్దరాదు. కక్కులు అఱిగినప్పుడు కమ్మరిచేత మరల కక్కు వేయించవలెను.

కరెంటు సానచక్రము వేగముగా పనిచేయును, వేగముగానే చెఱచును. వాదర నీలమెక్కినచో ఆచోట ఉక్కు మెత్తబడినదని తెలియవలెను. నీలమైన మేర అఱగదీసినగాని మరల పదును నిలువదు. కావున ప్రక్కను నీటిగిన్నె నుంచుకొని, చేతికి వేడి తగులునంతలోనే ముంచుచుండవలెను. కంటికి అద్దములు లేనిదే చక్రమును ముట్టరాదు.

6. త్రుప్పు, నిలువ

ఇనుమునకు త్రుప్పు పట్టుటకు నీరును గాలియు రెండును కావలెను. త్రుప్పు ఉబ్బి పొరలుగా రాలును గనుక లోపలి యినుమునకు రక్షణ కాదు. రాలినకొలది క్రొత్త యినుము బయలుపడి మరల త్రుప్పు పట్టును. కావున ఆరంభముననే అరికట్టవలెను.

పని ముగియగానే మన్ను గీకి, కడిగి, తుడిచి, ఆరబెట్టి, నూనెగుడ్డతో ఒకమారు తుడువవలెను. మన బండియిరుసులకు వాడిన ఆముదమే దీనికి చక్కగా పనికివచ్చును. ట్రాక్టరునుండి తీసిన నల్లని పాతనూనెను పూయుట కొందఱి వాడుక. అందు చర్మమునకు హానిచేయు పదార్థములున్నవి. దానిని పిడులకు, కామలకు ఎన్నడును పూయరాదు.

ఎరువుల బస్తాల గదిలో పనిముట్ల నుంచుట పెద్ద తప్పు. పొటాషు, అమ్మోనియా ఎరువులు గాలిలోని తేమను పీల్చి యినుమును వేగముగా తినివేయును. మందు చల్లు యంత్రముతోను, ఎరువుతోను పనిచేసిన దినమున పనిముట్లను తప్పక నీట కడుగవలెను. మట్టినేలమీద పడవేయక, గోడకు మేకులు కొట్టి వ్రేలాడదీయవలెను. గోడపై ఒక్కొక్క పనిముట్టు చుట్టును సున్నముతో దాని ఆకారము గీసినచో, లేనిది ఏదో సాయంకాలము ఒక్క చూపున తెలియును. పొలములో మఱచివచ్చిన కొడవలి మఱునాడు ఎవరి కాలికో తగులుటకంటె ముందే జ్ఞాపకము వచ్చును.

త్రుప్పు పట్టినదానిని కిరసనాయిలులో నానవేసి తీగబ్రష్షుతో రుద్దవలెను. చిన్నవానిని చింతపండు రసములో ఒక రాత్రి యుంచినను త్రుప్పు కరగును. పిమ్మట బాగుగా కడిగి, వెంటనే ఆరబెట్టి నూనె రాయవలెను. పులుసు మిగిలినచో మరల త్రుప్పు పట్టును.

7. యంత్రముల పనిముట్లు

కొట్టములో ఎడ్లున్నచోట నేడు పెక్కిండ్ల మోటారుసైకిలు, ట్రాక్టరు, పంపు నిలిచియున్నవి. కావున పానాలు, పట్టకార్లు, స్క్రూడ్రైవర్లు సేద్యగాని పనిముట్లలో చేరినవి. వీని విషయమున మన అనుభవము తక్కువ; మోసము ఎక్కువ. మేమొకప్పుడు సంతలో ముప్పది ముక్కల పెట్టెను చూచి, దాని మెఱుపునకు లోనై కొంటిమి. మొదటి బిగిసిన నట్టుకే పానా నోరు తెఱచుకొనెను. నట్టు మూలలు అఱిగి, దానిని కోసి తీయవలసివచ్చెను. ముప్పది చెడ్డవాటికంటె ఆఱు మంచివి మేలు.

ఏ ఆఱు? సాధారణముగా 6 మిల్లీమీటర్ల బోల్టుకు 10 నెంబరు, 8 మిల్లీమీటర్ల బోల్టుకు 13 నెంబరు పానాలు పట్టును. 10 మిల్లీమీటర్ల బోల్టుకు పాతకొలతలో 17, క్రొత్తకొలతలో 16. 12 మిల్లీమీటర్ల బోల్టుకు పాతకొలతలో 19, క్రొత్తకొలతలో 18 నెంబర్లు పట్టును. తన యంత్రముల నట్లను ముందు కొలిచి, ఆ నెంబర్లనే కొనవలెను. ఒక కొనను నోరు, ఒక కొనను వలయము గల పానా రెండు విధముల పనికివచ్చును. బిగిసినదానికి వలయమును, వదులైన పిమ్మట నోటిని వాడవలెను.

పానాను త్రోయక తనవైపు లాగవలెను. జారినను పిడికిలి యినుముపై పడదు. పానాకు గొట్టము తొడిగి పొడిగించుట, సుత్తితో కొట్టుట రెండును చెడ్డ అలవాట్లు. త్రుప్పు పట్టిన నట్టుకు కిరసనాయిలు పోసి ఒక రాత్రి ఆగినచో పెక్కుమారులు అది తనంతట తానే దారికి వచ్చును. ఇనుపరంపపు బ్లేడును పండ్లు ముందునకు చూచునట్లు బిగించవలెను. కొట్టికొట్టి తల పుట్టగొడుగువలె విచ్చిన ఉలిని అట్లే వాడరాదు. ఆ అంచులు తెగి కంటిలో పడును. వానిని చక్రముపై తీసివేయవలెను.

పంపు స్టార్టరునొద్ద మఱియు జాగ్రత్త కావలెను. రంగు ప్లాస్టికు తొడుగున్న పట్టకారంతయు కరెంటునుండి కాపాడునది కాదు. 1000 వోల్టులని ముద్రించి, జంట త్రికోణముల గుర్తు గలదియే అట్టి పనికి పరీక్షింపబడినది. అదియున్నను మెయిను ఆపక, తడికాళ్లతో పెట్టె తెఱవరాదు. ఆ పని తెలిసిన పనివానికి విడుచుటయే వివేకము.

8. గాయము తగిలినప్పుడు

త్రుప్పు ఇనుము గుచ్చుకొన్న ధనుర్వాతము వచ్చునని మనవారందురు. నిజమునకు ఆ రోగబీజములు త్రుప్పులో పుట్టవు. మట్టిలోను పేడలోను ఉండును. పదునైన క్రొత్తకొడవలియైనను, దానికి పొలముమట్టి అంటియున్నచో అపాయము అట్టిదే. చిన్నదైనను లోతుగా దిగిన గాయమే దీనికి అనుకూలము. గాయమును వెంటనే సబ్బుతోను పారుచున్న మంచినీటితోను కడిగి, ఆనాడే వైద్యుని చూచి, ధనుర్వాతపు టీకా గడువును విచారించుకొనవలెను. పేడ, బూడిద, సున్నము అద్దరాదు. ధనుర్వాతము వచ్చిన పిమ్మట కుదుర్చుట కష్టము. టీకాతో రాకుండ చేయుట సులభము.

9. సంఘము చేయదగిన పని

ఈ చెప్పినవి కొన్ని ఒంటరి రైతునకు భారమని తోచవచ్చును. సహకారమున్నది అందుకొఱకే. మన దేశమున 1904లో సహకార పరపతి సంఘముల చట్టము వచ్చినప్పుడు అప్పు ఒక్కటే దాని పరిధి. 1912 నాటి చట్టముతో కొనుగోలు, అమ్మకము మొదలగు ఇతర కార్యములకును సంఘములు వీలుపడినవి. ఆ వీలును పనిముట్ల విషయమున మనము తగినంత వినియోగించుకొనలేదు.

సంఘము మూడు పనులు చేయవచ్చును. మొదటిది, కోతలకు రెండునెలల ముందే ఏయే సభ్యునకు ఏవి కావలెనో జాబితా వ్రాయించి, ఒక్కటిగా కొనుట. మాదిరిగా ఒకదానిని తెచ్చి పై పరీక్షలు చేసి, నచ్చిన పిమ్మటనే తక్కినవానికి ఆర్డరిచ్చి రశీదు పుచ్చుకొనవలెను. రెండవది, సంఘపు వసారాలో ఒక మంచి సానచక్రము, పట్టుడుగిరక, పెద్దపానాలు, చెట్టెక్కి కొమ్మలు కోయు పొడవు రంపమువంటి అరుదుగా పనిబడు సామగ్రిని ఉంచి, పుస్తకములో వ్రాసికొని ఎరువిచ్చుట. తెచ్చినవాడు తుడిచి నూనె రాచి తిరిగి యిచ్చుట నియమముగా నుండవలెను. మూడవది, ఏటికొకమారు వానలకు ముందు ఒక దినము కేటాయించి, ఊరి కమ్మరిని, వడ్రంగిని పిలిచి, అందఱి పనిముట్లను ఒకేచోట చూపించి సరిచేయించుట. ఆ దినమున పిల్లలను కూడ రప్పించినచో ఈ విద్య వారికి చేతితోనే అబ్బును.

సభ్యులు జ్ఞాపకముంచుకొనవలసినవి

(1) మెఱుపును చూచి కొనరాదు. ఆకురాయి, నాదము, రవ్వ - ఈ మూడింటి సాక్ష్యము చూచి కొనవలెను.
(2) పని మొదలిడుటకు ముందు కామను కదల్చి చూడవలెను. కదలినచో చీల కొట్టవలెను, నీట నానవేయరాదు.
(3) సానచక్రముపై వాదరను నీలమెక్కనీయరాదు.
(4) సాయంకాలము తుడుపు, ఆముదపు గుడ్డ, గోడమేకు.
(5) ఎరువుల గదిలో ఇనుము నుంచరాదు. అవిసెనూనె గుడ్డలను ఉండచుట్టరాదు.
(6) గాయము చిన్నదని ఉపేక్షింపరాదు.

సంఘ సమావేశమున చర్చింపదగిన ప్రశ్నలు

(1) మీ యింటనున్న పనిముట్లలో కామ వదులైనవి ఎన్ని? ఈ రాత్రియే లెక్కించి రండు.
(2) గడచిన కోతకాలమున కొడవళ్లకై మీరు వెచ్చించిన సొమ్మెంత? అవి ఎన్ని దినములు వచ్చినవి?
(3) మన సంఘమునకు ఉమ్మడిగా మొదట కొనదగిన పనిముట్టు ఏది?

మొదటి ప్రశ్నకు జవాబు వ్రాయుటకు కాగితము నక్కఱలేదు. ఈ పత్రికను మడచి ప్రక్కనుంచి, లేచి కొట్టములోనికి పోయి, గొడ్డలిని చేతబట్టి ఒకమారు విదిల్చి చూచిన చాలును. అట్లొక్క యింటనైనను వదులైన కామ యొకటి బిగిసినచో మా శ్రమ ఫలించినట్లే.